అడగకూడని అల

మధ్యాహ్నం రెండు దాటితే మైపాడు ఒడ్డున ఉన్న ఆ నిద్రాశాలలో మాటలు సద్దుమణిగేవి. సరుగుడు తోపు మీదుగా వచ్చే గాలి కిటికీ తెరలను లోపలికి ఉబ్బించి, మళ్లీ నెమ్మదిగా వెనక్కి లాక్కునేది. వరసగా వేసిన ఎనిమిది మంచాల మీద ఎనిమిది మంది పడుకుని ఉండేవాళ్లు. ఏడాదిగా కంటి మీద కునుకు లేనివాళ్లు కొందరు, నిద్ర ఎలా ఉంటుందో మరిచిపోయినవాళ్లు కొందరు. వాళ్ల తలలకు పల్చటి నూలు టోపీలు తొడిగి, చెవుల దగ్గర చిన్న స్పీకర్లు సర్ది, డాక్టర్ మందాకిని, "ఇక కళ్లు మూసుకోండి. మీరేం చెయ్యక్కర్లేదు. మిగతాది అదే చూసుకుంటుంది," అనేది.

అది అంటే జోల. ఆమె ఆరేళ్లు కూర్చుని తయారుచేసిన యంత్రం.

మెలకువకీ నిద్రకీ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. అందులోకి జారేటప్పుడు మనిషి ఊపిరి, గుండె, మెదడు మూడూ కలిసి ఒకే లయలో ఊగుతాయి. ఆ లయ అందరికీ ఒకటి కాదు. బతుకులో ఎప్పుడో ఎక్కడో మనసు పూర్తిగా నిమ్మళించిన క్షణం ఒకటి ఉంటుందే, ఆ క్షణపు లయ అది. టోపీ దాన్ని పట్టుకునేది. జోల దాన్ని వినీ వినపడని ధ్వనిగా మార్చి ఆ మనిషికే తిరిగి వినిపించేది. నిద్ర లేని మనిషి తన నిమ్మళాన్ని తానే వింటూ, నీళ్లలో రాయి మునిగినట్టు మెల్లగా లోపలికి దిగిపోయేవాడు.

తెర మీద ఆ లయ అలలాగా కనిపించేది. ఒకరిది నీలంగా, బద్ధకంగా పొంగేది. ఒకరిది పసుపు నురగలా విచ్చుకుని విడిపోయేది. మందాకిని వాటిని చూస్తూ గంటలు గడిపేది. అంత మంది నిమ్మళాలు ఒక్కచోట కదులుతుంటే, గదిలో ఇంకో సముద్రం ఉన్నట్టుండేది ఆమెకి.

మొదట దాన్ని గమనించింది టెక్నీషియన్ జిలానీ. అలలను పోల్చి చూసే ప్రోగ్రాము ఎవరూ చెప్పకుండానే వాటిని గుంపులుగా విడగొట్టింది. మొత్తం తొమ్మిది గుంపులు. పడుకోవడానికి వచ్చినవాళ్లు తమ గురించి చెప్పుకున్న కబుర్లతో సరిచూస్తే సంగతి తేలింది. చిన్నప్పటినుంచి వంగి, లేచి, మోకరిల్లినవాళ్ల అలలు ఒక గుంపు. పదిమందితో కలిసి పాడినవాళ్లవి ఇంకో గుంపు. ఒకే పేరును వేలసార్లు తలుచుకున్నవాళ్లవి వేరే. ఏ దేవుడి దగ్గరా ఎప్పుడూ చేతులు జోడించనివాళ్లవి కూడా వేరే గుంపుగా, తమదైన అందంతో కదులుతున్నాయి. చాలామంది మనసు నిమ్మళించింది తమ నమ్మకం దగ్గరేనని, ఆ నమ్మకం ఏదో అల చెప్పేస్తోందని ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది.

జిలానీ తెర దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. "మేడమ్, దీన్ని పేపర్లో రాయబాకండి."

"ఎందుకు? ఎంత గొప్ప సంగతో నీకు తెలుస్తోందా?"

"గొప్పదేలే. అందుకే చెప్తా ఉండా."

ఇన్నాళ్లుగా వేలమందికి ఆ టోపీ తొడిగిన జిలానీ, తను మాత్రం ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. ఎప్పుడైనా రమ్మంటే, "నాది నా దగ్గరే ఉండనీండి మేడమ్," అని నవ్వేసేవాడు. అదేదో చాదస్తమనుకునేది మందాకిని. ఆమె ఆ సంగతి రాసింది. పన్నెండు పేజీల పరిశోధన వ్యాసంలో ఒక్క పేరా.

*

ఇంట్లో జోల వల్ల బాగుపడినవాడు ఆమె భర్త పెంచలయ్య.

ఆయన ముప్పై ఏళ్లు రైలింజన్ నడిపినవాడు. నాలుగేళ్ల కిందట ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టాల మీద చిక్కుకున్న లారీని ఇంజను గుద్దింది. పక్కటెముకలు విరిగి, సాయం వచ్చేదాకా నాలుగు గంటలు కంకర మీద పడి ఉన్నాడు. ఎముకలు అతుక్కున్నాయి గానీ నిద్ర తిరిగి రాలేదు. కళ్లు మూస్తే హెడ్‌లైటు వెలుగులో లారీ కనిపించేది. జోల పుట్టాక, రోజూ మధ్యాహ్నం నిద్రాశాలకు వచ్చి కిటికీ పక్క మంచం మీద రెండు గంటలు పడుకునేవాడు. లేచాక ముఖం కడుక్కుని, "హమ్మయ్య, మళ్లీ మనిషినయ్యానే," అనేవాడు.

ఒకరోజు ఆయన పడుకుని ఉండగా మందాకిని తెర ముందు కూర్చుని, ఊరికే, కేవలం చూద్దామని, ఆయన అల ఏ గుంపులో ఉందో తెరిచింది.

పెంచలయ్య వాళ్లింట్లో తరతరాలుగా పెంచలకోన నరసింహస్వామి కొలువు. ఆయన పేరే ఆ స్వామిది. కానీ ఆ అల ఆ గుంపులో లేదు. ఎక్కడో, ఆమె కలలో కూడా ఊహించని చోట ఉంది. అది ఏ గుంపో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు.

మర్నాడు పొద్దున దోసె మీద కారం పూస్తూ ఆమె నవ్వుతూ అంది, "ఏమండీ, మీ నిద్ర ఎవరి దగ్గర్నుంచి వస్తోందో నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదే?"

పెంచలయ్య చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది. "ఏం తెలిసింది?"

ఆమె గుంపు పేరు చెప్పింది.

ఆయన కిటికీ కేసి చూశాడు. బయట చేపల మోటారు బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. "నన్ను అడిగి చూశావా?" అన్నాడు చివరికి.

"మనిద్దరి మధ్యా అడగడాలేంటండీ?"

"నిన్ను పెళ్లి చేసుకుని ఇరవై ఎనిమిదేళ్లయింది. నీకు చెప్పనిది నా దగ్గర అదొక్కటే ఉండింది, మందాకినీ. దాచిపెట్టాలని కాదు. చెప్పడానికి మాటలు దొరక్క అట్టే పెట్టుకున్నా." ఆయన పళ్లెం పక్కకి జరిపాడు. "నువ్వు నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నావే."

ఆ రోజు ఆయన నిద్రాశాలకు రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. వారం తిరిగేసరికి కళ్ల కింద మళ్లీ నల్లటి గుంటలు పడ్డాయి. ఆమె క్షమించమని అడిగింది. "నాకు కోపం లేదు," అన్నాడాయన. "ఆ టోపీ మాత్రం పెట్టుకోలేను. పెట్టుకుంటే ఎవరో నా లోపల కూర్చుని చూస్తా ఉన్నట్టుంటది." తెల్లవారే ముందే లేచి ఒడ్డు వెంబడి నడుస్తూ పోయేవాడు. ఆమె మేడ మీంచి ఆయన్ని చూస్తుండగానే, పల్చటి మంచులో ఆయన ఆకారం కరిగి కనిపించకుండా పోయేది.

*

మందాకిని రాసిన ఆ ఒక్క పేరాను జోలకు పెట్టుబడి పెట్టిన కంపెనీ శ్రద్ధగా చదివింది. నెల్లాళ్లలో 'అంతరంగ పత్రం' అనే కొత్త సేవ మొదలుపెట్టింది. టోపీ పెట్టుకుని పావుగంట పడుకుంటే, ఆ మనిషి నమ్మకం ఏదో ముద్ర వేసి ఇచ్చే కాగితం అది.

కొనేవాళ్లకి కొదవ లేదు. తమ మతం వాళ్లకే ఇళ్లు అమ్ముకుంటామన్న కాలనీ ఒకటి కొంది. తమలో ఎవరు నిజమైనవాళ్లో తేల్చుకోవాలనుకున్న ఒక సంఘం పెద్దలు కొన్నారు. పెళ్లిసంబంధాలవాళ్లు కొన్నారు. నలభై ఏళ్లుగా ఒక చర్చిలో పాటలు నేర్పిన పెద్దాయన అల, ఏ నమ్మకమూ లేనివాళ్ల గుంపులో తేలింది. ఆయన్ని పాట మధ్యలో ఆపి వేదిక దిగమన్నారట. ఇవన్నీ వార్తల్లో చదువుతున్నప్పుడు మందాకినికి అవి ఎక్కడో దూరంగా, వేరే ఎవరి కలలోనో జరుగుతున్నట్టుండేవి.

ఆ దూరం ఒక మంగళవారం మధ్యాహ్నంతో పోయింది. సులోచన అనే లెక్కల టీచరు నిద్రాశాలకు వచ్చింది. రెండేళ్ల కిందట తల్లి చనిపోయాక నిద్ర కరువై, ఇక్కడే పడుకుని బాగుపడిన మనిషి. నెల్లూరు దగ్గర ఒక ఆశ్రమం నడిపే గురుకులంలో పనిచేసేది. నలిగిన ఉత్తరం ఒకటి బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

ఉత్తరంలో ఒక మతం పేరుంది. ఆ మతస్థురాలు తమ బడిలో పిల్లలకు చెప్పడం తగదని ఉంది. రేపట్నుంచి రావద్దని ఉంది.

"నిద్ర కోసం ఇక్కడ పడుకున్నానే మేడమ్, అప్పటి నా అలనే వాళ్లకి అమ్మేశారంట," అంది సులోచన. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం ఆమె ఒక ప్రార్థన చెప్తా ఉండేది. నేనూ వింటా ఉండేదాన్ని. అమ్మ పోయినాక కూడా అది నాలోనే ఉండిపోయింది. నేను దాన్ని నమ్ముతా ఉండానా, ఊరికే తలుచుకుంటా ఉండానా, నాకే తెలీదు. నేనింకా నాకే చెప్పుకోలా మేడమ్. మీ మిషను ముందే ఊరందరికీ చెప్పేసింది."

మందాకిని ఆ ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. ఆ రోజు పొద్దున దోసె మీద కారం పూస్తూ తను నవ్విన నవ్వు గుర్తొచ్చి, ఆమెకు తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ అత్తగారింట్లో?" అని అడిగాడు జిలానీ మెల్లగా.

"మా ఆయన ఏమీ అన్లేదన్నా. మా అత్త మాత్రం నా చేత్తో ఇచ్చిన మంచినీళ్లు తాగడం మానేసింది."

*

అంతరంగ పత్రాల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘానికి సులోచన ఫిర్యాదు చేసింది. విచారణకు నెల్లాళ్లుంది. మందాకినికి ఒక ఆశ మిగిలింది: జోలకు ఒక తెర కప్పాలి. నిద్ర ఇవ్వాలి గానీ నమ్మకం ఏదో చెప్పకూడదు. అలలో ఆ జాడను చెరిపేసి మిగతాది ఉంచితే చాలు.

మూడు వారాలు ఆమె, జిలానీ అదే పని మీద ఉన్నారు. అలను పల్చన చేశారు, మసకబార్చారు, ఒకదాని మీద ఒకటి కలిపారు. నమూనాల మీద పని చేస్తోందనిపించాక, మనిషి మీద చూడాల్సి వచ్చింది. "నేను పడుకుంటా," అన్నాడు జిలానీ.

"నువ్వా?"

"ఇది సరిగ్గా పనిచేస్తే భయం లేదు గదా మేడమ్. పని చెయ్యకపోతే కట్టెయ్యడానికి మీరుండారు."

ఆయన టోపీ పెట్టుకుని, కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తెర మందంగా ఉన్నంతసేపు ధ్వని ఒట్టి గాలి చప్పుడులా ఉంది, జిలానీ కళ్లు తెరిచి పైకప్పుకేసి చూస్తున్నాడు. మందాకిని తెరను కొద్దికొద్దిగా పల్చన చేసింది. ఒక చోటికి వచ్చేసరికి ఆయన రెప్పలు వాలాయి, ముఖంలో గీతలు సడలాయి. యాభై ఏళ్ల మనిషి పసివాడిలా నిద్రపోయాడు. సరిగ్గా అదే క్షణాన కంప్యూటరు తెర మీద ఆయన అల విచ్చుకోవడం మొదలైంది. తొమ్మిది గుంపుల్లో ఒకటి వెలగబోయింది.

ఆమె మీట నొక్కి కంప్యూటరు తెర కట్టేసింది.

ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. ప్రతిసారీ అంతే. నిద్రను ఇచ్చేదీ, నమ్మకాన్ని బయటపెట్టేదీ ఒకే పోగు. ఆ పోగు తీసేస్తే జోలలో మిగిలేది ఒట్టి చప్పుడు.

జిలానీ లేచి కూర్చుని, చాలాసేపు సముద్రం కేసి చూశాడు. "ఎంత మంచి నిద్ర మేడమ్," అన్నాడు. తర్వాత అడిగాడు, "చూశారా?"

"లేదు. కట్టేశాను."

ఆయన తల ఊపాడు. ఆమె మాట నమ్మాడు. ఆ నమ్మడం ఆమెకు చాలా బరువుగా అనిపించింది. ఇంట్లో ఇలా ఒక్క మీట నొక్కి ఉంటే సరిపోయేది గదా అనుకుంది.

*

విచారణకు ముందురోజు సాయంత్రం సులోచనను వెంటబెట్టుకుని ఆమె వకీలు నిద్రాశాలకు వచ్చాడు. ఆయన దగ్గర తేలికైన దారి ఉంది. "డాక్టరుగారూ, మీరు ఒక్క మాట చెప్పండి చాలు. ఆ యంత్రం తప్పులు చేస్తుందని. దాన్ని నమ్మడానికి లేదని. కేసు అక్కడితో అయిపోతుంది. ఈమె ఉద్యోగం ఈమెకు వస్తుంది, అత్తగారింట్లో గొడవ కూడా సర్దుకుంటుంది."

మందాకిని సులోచన వైపు తిరిగింది. "నేను నిజం చెబితే నీ సంగతి పదిమంది ముందూ ఖాయమైపోతుంది సులోచనా. అబద్ధం చెబితే నువ్వు తేలిగ్గా బయటపడతావు. కానీ రేపు ఇంకెవరో తప్పులు చెయ్యని యంత్రం తెస్తారు. అప్పుడు మన దగ్గర చెప్పడానికేం ఉండదు. ఈసారి నిన్ను అడక్కుండా ఏమీ చెయ్యను. ఏం చెప్పమంటావు?"

సులోచన కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కిటికీ అద్దం మీద గాలికి ఉప్పు పొరలు పొరలుగా పేరుకుని, బయట వెలుగు పాలలా కనిపిస్తోంది.

"అబద్ధం చెప్పి నన్ను కాపాడితే, నేనేదో తప్పు చేసినట్టే అవద్ది గదా మేడమ్," అంది చివరికి. "నేనేం తప్పు చేశా? ఉన్నది చెప్పండి."

విచారణ గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. అధ్యక్ష స్థానంలో పొట్టి జుట్టు నెరిసిన ఒక మాజీ న్యాయమూర్తి కూర్చుంది. కంపెనీ తరఫు వకీలు లేచి, "డాక్టర్ మందాకినిగారూ, జోల నిజం చెబుతుందా, అబద్ధం చెబుతుందా?" అని అడిగాడు. తను చేసిన యంత్రం అబద్ధం చెబుతుందని ఆమె అనదన్న ధీమా అతని నిలబడ్డ తీరులో ఉంది.

"నిజమే చెబుతుంది," అంది మందాకిని. "అందుకే దాన్ని అడగకూడదు."

గదిలో గుసగుసలు లేచాయి. అధ్యక్షురాలు వివరించమంది.

"ఒకరికి దేవుడున్నాడని నమ్మకం. ఒకరికి లేడని నమ్మకం. ఒకరికి ఏమిటో ఇంకా తేలలేదు. అది తేల్చుకోవడానికి మనిషికి ఎవరూ చూడని చోటు ఒకటి కావాలి. చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో, ఎవరితో చెప్పాలో ఆ మనిషి ఇష్టం. నేను ఆ చోటికి తలుపు చేశాను. నిద్ర లోపలికి వెళ్తుందని చేశాను. జనం చొరబడతారని అనుకోలేదు." ఆమె ఒక్క క్షణం ఆగింది. "మొదట చొరబడింది కంపెనీ కూడా కాదు, నేనే. నా సొంత మనిషి లోపలికి, ఆయన్ని అడక్కుండా, సరదాకి తొంగి చూశాను. ఆయన కోప్పడలేదు. నిద్రపోవడం మానేశాడు. ఈ గదిలో తప్పు చేసినవాళ్ల జాబితా రాస్తే నా పేరు మొదట రాయండి."

చివరి వరసలో, తలుపు పక్కన నిలబడి ఉన్న పెంచలయ్యను ఆమె చూడలేదు. ఆయన వచ్చిన సంగతి జిలానీ తర్వాత చెప్పాడు.

*

తీర్పు వర్షాల నెలలో వచ్చింది. మనిషి నమ్మకాన్ని లోపలినుంచి తీసి చూడడం, చూపించమని అడగడం, చూసినదాన్ని పెట్టి చదువుకో కొలువుకో ఇంటికో అడ్డం చెప్పడం నేరమన్నారు. అంతరంగ పత్రాలన్నీ చెల్లవన్నారు. దాచిన అలలన్నీ చెరిపేయమన్నారు. నిద్రనూ నమ్మకపు జాడనూ వేరు చెయ్యలేమని డాక్టరే ఒప్పుకుంది గనక జోలను కూడా మూసేయమన్నారు.

అలలను జిలానీ, మందాకిని కలిసే చెరిపారు. పదకొండు వేల మంది నిమ్మళాలు. ఒక్కొక్కటీ తెర మీద ఒకసారి పొంగి, తెల్లటి గీతగా సాగి, ఆగిపోయింది. ఎవరి పేర్లూ కనిపించకుండా ముందే మూసేశారు.

సులోచన గురుకులంలో తిరిగి చేరింది. స్టాఫ్ రూములో ఒకరిద్దరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. ఆమె లెక్కలు చెప్పడం మానలేదు. అత్తగారు మంచినీళ్ల సంగతిలో ఇంకా మెత్తబడలేదని, కాకపోతే జ్వరమొచ్చిన రోజు మాత్రం ఆమె చేతి జావ తాగిందని ఫోనులో చెప్పి నవ్వింది.

నిద్రాశాల గేటు ముందు మాత్రం చాలా రోజులు జనం నిలబడ్డారు. ఒకామె మందాకిని చెయ్యి పట్టుకుని, "మా నిద్ర మాకు ఇప్పించమ్మా, మేం ఏ దేవుడికి మొక్కుతామో చెప్పమన్నా చెప్తాం," అని ఏడ్చింది. మందాకిని ఆమెను తీసుకెళ్లి తోపు నీడలో కూర్చోబెట్టి, సాయంత్రందాకా పక్కనే కూర్చుంది. మర్నాడు మరో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. జిలానీ చాపలు తెచ్చి పరిచాడు. యంత్రం లేదు, టోపీలు లేవు. కొందరికి కాస్త కునుకు పట్టేది, కొందరికి పట్టేది కాదు. అయినా వచ్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం పెంచలయ్య కూడా వచ్చాడు. వచ్చి, ఏమీ అనకుండా, కాస్త ఎడంగా ఉన్న చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. మందాకిని వెళ్లి ఆయన తల దగ్గర కూర్చుంది.

"ఆ రోజు కంకర మీద పడి ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడాయన. "చెప్పనా?"

ఆమెకు వినాలని ప్రాణం లాగింది. "మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి," అంది. "లేకపోయినా నేను ఇక్కడే ఉంటాను."

ఆయన ఆలోచించాడు. "ఇప్పుడు కాదులే," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎన్నో నెలల తర్వాత కాస్త చనువు వినిపించింది. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన పెదవులు కదలసాగాయి, శబ్దం లేకుండా, ఎవరికో వినిపిస్తున్నట్టు.

ఆ పెదవుల మీద మాటలు పోల్చుకోవడం మందాకినికి కష్టం కాదు. ఆమె ముఖం తిప్పి, సముద్రం కేసి చూస్తూ కూర్చుంది. వెనకాల ఆయన ఊపిరి నెమ్మదించి, బరువెక్కేదాకా అలాగే కూర్చుంది.